ఓవెన్ లేని తీపి–ఉప్పు చాక్లెట్ క్లస్టర్లు: వేళ్ళకి అంటుతున్నాయి, పైన బూడిద చారలు, లోపల ప్రెట్జెల్స్ మెత్తన. తప్పెక్కడ?

ప్రశ్న

కొలతలు ముందే చెప్తున్నాను. డార్క్ చాక్లెట్ 300 గ్రాములు, ఉప్పు పట్టించి వేయించిన వేరుశనగ పలుకులు 200 గ్రాములు, ప్రెట్జెల్స్ (ముడి ఆకారంలో ఉండే కరకరలాడే ఉప్పు బిస్కెట్లు) 80 గ్రాములు, కొబ్బరినూనె 2 టేబుల్ స్పూన్లు. మరిగే నీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్, నూనె కరిగించి, పలుకులు, విరిచిన ప్రెట్జెల్స్ కలిపి, బటర్ పేపర్ మీద చెంచాతో కుప్పలు పెట్టి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాను. బయటికి తీసిన పది నిమిషాలకే వేళ్ళకి అంటుతున్నాయి. మర్నాటికి పైన బూడిద రంగు చారలు. రెండో రోజుకి ప్రెట్జెల్స్ కరకర పోయింది. అంతకుముందు ఒకసారి చాక్లెట్ కరుగుతూ కరుగుతూనే ఇసుకలా ముద్దకట్టింది. చాక్లెట్ మార్చాలా, పద్ధతి మార్చాలా?

జవాబు

చాక్లెట్ మార్చక్కర్లేదండీ. మీరు చెప్పిన నాలుగూ వేర్వేరు తప్పులు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. ముందు అంటుకోవడం సంగతి.

దానికి కారణం కొబ్బరినూనె. 2 టేబుల్ స్పూన్లంటే దాదాపు 27 గ్రాములు, మీ 300 గ్రాముల చాక్లెట్‌లో తొమ్మిది శాతం. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. చాక్లెట్‌లోని కోకో బటర్ సరిగ్గా గట్టిపడితే 34 దాకా నిలుస్తుంది. ఈ రెండు కొవ్వులూ ఒకదానితో ఒకటి సరిగా కుదురుకోవు. కలిస్తే కోకో బటర్‌కి ఉండే బిగువు కూడా పోతుంది. ముంచి తీసే చాక్లెట్ పల్చగా ఉండాలి కాబట్టి అక్కడ నూనె వేస్తారు. క్లస్టర్లకి చాక్లెట్ చిక్కగా ఉంటేనే మేలు, పలుకుల్ని పట్టుకుని కుప్పలా నిలబెడుతుంది. అసలు వేయకండి. మరీ బిగుసుగా అనిపిస్తే 300 గ్రాములకి ఒక టీస్పూన్, అంతే. నూనె బదులు వెన్న వేద్దామనుకునేరు, వెన్నలో ఆరోవంతు దాకా నీరే ఉంటుంది.

ఇంకో జవాబు

చారల సంగతి నేను చెప్తాను. అందులో రెండు రకాలున్నాయి, వేలితో రుద్దితే తెలిసిపోతుంది. చార మీద వేలి కొస పెట్టి పది సెకన్లు మెల్లగా రుద్దండి. జిడ్డుగా తగిలి, చార కరిగి మాయమై, కింద నల్లని మెరుపు కనిపిస్తే అది కొవ్వు పైకి తేలడం, దాన్ని ఫ్యాట్ బ్లూమ్ అంటారు. గరుకుగా తగిలి, రుద్దినా పోకపోతే అది చక్కెర, షుగర్ బ్లూమ్. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి చాక్లెట్ మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. ఆ నీటిలో చక్కెర కరిగి, నీరు ఆరాక పొడిలా మిగులుతుంది. రెండూ తినడానికి హాని చేయవు, చూడ్డానికే బాగోదు.

ఫ్యాట్ బ్లూమ్‌కి కారణం టెంపరింగ్ లేకపోవడం, అంటే కోకో బటర్ సరైన స్ఫటికాలుగా గట్టిపడేలా చాక్లెట్ వేడిని లెక్కగా పెంచి దింపకపోవడం. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గట్టిపడగలదు. వాటిలో ఐదో రకం ఒక్కటే మెరుపు, విరిస్తే టక్కుమనే గుణం ఇస్తుంది. దుకాణంలో కొన్న బారు అదే రూపంలో ఉంటుంది. దాన్ని 45 డిగ్రీలు దాటించగానే ఆ స్ఫటికాలన్నీ చెరిగిపోతాయి. అలాగే వదిలేస్తే ఎలా పడితే అలా గట్టిపడి, తర్వాత మెల్లగా రూపం మార్చుకుంటూ కొవ్వుని పైకి నెడుతుంది. మీకు మర్నాటికి కనిపించేది అదే అయ్యుంటుంది.

ఇంట్లో అందరికీ వీలయ్యే పద్ధతి ఇది. 300 గ్రాముల్లో 100 గ్రాములు సన్నగా తరిగి పక్కన పెట్టుకోండి. మిగతా 200 గ్రాములు కరిగించండి. డార్క్ అయితే 45 నుంచి 50 డిగ్రీల దాకా వెళ్ళొచ్చు. పాలు కలిసినది, తెల్లది అయితే 45 దాటనీయకండి, పాలపొడి మాడి గట్టిపడుతుంది. దించగానే గిన్నె అడుగు పొడిబట్టతో తుడవండి, ఇది మర్చిపోకూడదు. తరిగినదాన్ని మూడు విడతలుగా వేస్తూ, గరిటెతో అడుగంటా కలుపుతూ 31–32 డిగ్రీలకి దింపండి. పాల చాక్లెట్‌కి 29–30, తెల్లదానికి 28–29. ఈ తరుగులో ఉన్న మంచి స్ఫటికాలే విత్తనాల్లా మిగతాదాన్ని దారికి తెస్తాయి. అందుకే ఈ పద్ధతికి సీడింగ్ అని పేరు.

పలుకులు కలిపేముందు చాకు కొస ముంచి తీసి బల్ల మీద పెట్టండి. గది 20–22 డిగ్రీల్లో ఉంటే ఐదు నిమిషాల్లో ఆరి, మెరుస్తూ, వేలు పెడితే అంటకుండా ఉండాలి. మచ్చలుగానో, ఇంకా తడిగానో ఉంటే టెంపర్ కుదరలేదన్నమాట. ఇంకాస్త తరుగు వేసి కలపండి.

అడిగినవారు

థర్మామీటర్ లేదండీ. కాంపౌండ్ చాక్లెట్ అయితే ఈ గొడవంతా ఉండదని విన్నాను.

జవాబు

నిజమే. కాంపౌండ్‌లో కోకో బటర్‌కి బదులు వేరే వంటకొవ్వు ఉంటుంది, కరిగించి పోస్తే చాలు, టెంపరింగ్ అక్కర్లేదు. పొట్లం వెనక పదార్థాల జాబితా చూడండి. కోకో బటర్ అని ఉండి వేరే కొవ్వు పేరు లేకపోతే అసలు చాక్లెట్. హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అనో, పామ్ కెర్నల్ అనో ఉంటే కాంపౌండ్. పిల్లలతో కలిసి చేసేటప్పుడు, ఒకేసారి వందకి పైగా చేసేటప్పుడు కాంపౌండ్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. రుచి మాత్రం తగ్గుతుంది, నోట్లో మైనంలా నిలిచే రకాలూ ఉన్నాయి. రెండూ కలిపి కరిగించకండి, మెత్తబడుతుంది, చారలూ వస్తాయి.

థర్మామీటర్ లేకపోయినా అసలు చాక్లెట్‌తో చేయొచ్చు. మైక్రోవేవ్‌ని సగం పవర్‌లో పెట్టి 30 సెకన్ల చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ బయటికి తీసి కలపండి. మూడొంతుల ముక్కలు కరిగాక ఆపేయండి, మిగతావి గిన్నె వేడికే కలుపుతూ కరగనివ్వండి. 33–34 దాటకుండా కరిగిస్తే టెంపర్ అసలు చెరిగిపోదు. కింది పెదవికి ఒక చుక్క తాకించి చూడండి. ఇంచుమించు ఏమీ తెలియనట్టు, రవ్వంత చల్లగా ఉంటే సరైన వేడి. వెచ్చగా తగిలితే దాటిపోయారు.

బేకింగ్ కోసం అమ్మే చాక్లెట్ చిప్స్ దీనికి కష్టమండీ. వేడికి ఆకారం చెదరకూడదని కోకో బటర్ తగ్గించి చేస్తారు, కరిగినా ముద్దగానే ఉంటాయి. బారులు కొని తరుక్కోవడమే మేలు.

ఇంకో జవాబు

ముద్దకట్టడానికి కారణం నీటిచుక్క. మరిగే నీళ్ళ మీద గిన్నె అన్నారు కదా, ఆవిరి అంచుల వెంట జారి లోపల పడి ఉంటుంది. చాక్లెట్‌లో చక్కెర, కోకో పొడి రేణువులు కొవ్వులో తేలుతూ ఉంటాయి. రెండు చుక్కల నీరు తగిలితే ఆ రేణువులు తడిసి ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీళ్ళు మరగకూడదు, అడుగున సన్నగా కదులుతుంటే చాలు. పై గిన్నె అడుగు నీటిని తాకకూడదు. స్టవ్ కట్టేసి ఆ వేడి మీదే కరిగించడం ఇంకా భద్రం. గిన్నె, గరిటె బొత్తిగా పొడిగా ఉండాలి. చెక్క గరిటె వద్దు, కడిగాక చాలాసేపటిదాకా లోపల తడి దాచుకుంటుంది.

ముద్దకట్టినది తిరిగి క్లస్టర్లకి పనికిరాదు. పారేయక్కర్లేదు, వేడినీళ్ళో, వేడిపాలో ఒక్కో స్పూన్ చొప్పున పోస్తూ కలిపితే మళ్ళీ నున్నబడి సాస్ అవుతుంది. చుక్క నీటికి బిగుసుకున్నది మరిన్ని నీళ్ళు పోస్తే విడిపోతుంది, ఆ రేణువులన్నీ పూర్తిగా తడిసి విడివడటానికి సరిపడా నీరు దొరుకుతుంది కాబట్టి.

స్లో కుక్కర్‌లో (సన్నవేడి మీద గంటలకొద్దీ వండే కరెంటు పాత్రలో) చేసేవాళ్ళకి కూడా ఇదే ఇబ్బంది. మూత కింద పట్టిన ఆవిరి చుక్కలుగా లోపల రాలుతుంది. మూతకి, గిన్నెకి మధ్య పొడి తువ్వాలు బిగించి పరవండి, వేడి ‘లో’ (అతి తక్కువ) సెట్టింగ్ దాటనీయకండి, ప్రతి 20 నిమిషాలకీ కలపండి. అందులో వేడి అదుపులో ఉండదు కాబట్టి కాంపౌండ్‌నే వాడండి.

అడిగినవారు

ప్రెట్జెల్స్ మెత్తబడటం, ఉప్పు సంగతీ మిగిలిపోయాయి. చెంచాతో కుప్పలు పెట్టేలోపే గిన్నెలోది బిగుసుకుపోతోంది కూడా.

జవాబు

ప్రెట్జెల్స్ మరీ చిన్నగా విరిచి ఉంటారు. ప్రతి విరుపు దగ్గరా లోపలి పిండి బయటపడి తేమ పీలుస్తుంది. రెండు సెంటీమీటర్ల ముక్కలు చాలు, పొడి జల్లెడ పట్టి తీసేయండి. ఆ పొడి చాక్లెట్‌ని పీల్చేసి మిశ్రమాన్ని కూడా బిగిస్తుంది. పొట్లం తెరిచి నాలుగు రోజులైన ప్రెట్జెల్స్ అయితే పెనం మీద సన్నసెగన నాలుగైదు నిమిషాలు వేడిచేసి పూర్తిగా చల్లారనివ్వండి. అన్నిటికంటే చివర కలపండి, నాలుగైదు తిప్పులు, అంతే. ప్రతి ముక్కా పూర్తిగా చాక్లెట్ కప్పుకుంటే లోపలికి తేమ త్వరగా దూరదు. బంగాళాదుంప చిప్స్ వేసినా ఇదే లెక్క, చేత్తో విరవండి కానీ నలపకండి. ఎండుద్రాక్ష ఓ గుప్పెడు ఫరవాలేదు. తాజా పండు ముక్క ఒక్కటి పడినా చుట్టూ అంతా తడిసిపోతుంది.

పలుకులు గది వేడిలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసి వేశారా, చాక్లెట్ అక్కడికక్కడ గడ్డకడుతుంది. మీది గిన్నెలోనే బిగుసుకోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. అప్పుడే వేయించిన వేడి పలుకులు వేస్తే కష్టపడి తెచ్చిన టెంపర్ పోతుంది. 300 గ్రాముల చాక్లెట్‌కి పలుకులు, ప్రెట్జెల్స్ కలిపి 280 నుంచి 350 గ్రాముల వరకు పడతాయి. అది దాటితే అతుకు చాలక విరిగిపోతాయి. టేబుల్ స్పూన్ నిండా కాకుండా 15 గ్రాముల చొప్పున పెడితే నలభై వస్తాయి.

చాక్లెట్‌లో నీరు లేదు కాబట్టి ఉప్పు దానిలో కరగదు, ఎక్కడ పడితే అక్కడే గింజగా ఉంటుంది. సన్న ఉప్పు వేసి కలిపితే అంతటా ఒకేలా ఉప్పగా అనిపిస్తుంది. పైన పెద్ద రేకుల ఉప్పు చల్లితే ముందు ఉప్పు, వెనకే తీపి. ఈ వంటకి అదే ప్రాణం. మీ పలుకులకీ, ప్రెట్జెల్స్‌కీ ఇప్పటికే ఉప్పు ఉంది, లోపల ఇంకేమీ వేయకండి. ఉప్పులేని పలుకులైతే 300 గ్రాముల చాక్లెట్‌కి పావు టీస్పూన్ హద్దు. పైన రెండుమూడు రేకులు చాలు. కుప్ప పెట్టిన రెండు మూడు నిమిషాలకి, తడి మెరుపు కాస్త మసకబారుతుండగా చల్లాలి. ముందే చల్లితే మునిగిపోతుంది, ఆలస్యమైతే రాలిపోతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఆ రేకులే నీరు లాగి, చుట్టూ చిన్న తడి మచ్చలు పెడతాయి. అలాంటప్పుడు పైన ఉప్పు మానేసి ప్రెట్జెల్స్ ఓ 20 గ్రాములు పెంచుకోండి. ఉప్పు చేదుని కూడా అణుస్తుంది కాబట్టి కోకో 70 శాతం ఉన్న డార్క్ కూడా ఇందులో నడుస్తుంది. నన్నడిగితే 55–60 శాతం బాగుంటుంది.

ఇంకో జవాబు

గిన్నెలో బిగుసుకోకుండా ఉండాలంటే సగం సగం కలుపుకోండి. 150 గ్రాముల చాక్లెట్ గోరువెచ్చని నీళ్ళ గిన్నె మీద 31–32లో నిలిపి ఉంచి, మొదటి సగం పెట్టేశాక రెండోది కలపండి. కాస్త బిగిసిందనిపిస్తే హెయిర్ డ్రయ్యర్‌తో గిన్నె బయటివైపు ఐదేసి సెకన్లు ఊది కలపండి. మళ్ళీ స్టవ్ ఎక్కిస్తే 34 దాటిపోవడం ఖాయం.

ఆరడానికి 18–20 డిగ్రీల గదిలో అరగంట నుంచి గంట. గది వెచ్చగా ఉంటే ఫ్రిజ్‌లో 10–15 నిమిషాలే, గంట కాదు. ఆరాక గాలి చొరని డబ్బాలో, మసాలాలకి దూరంగా పెట్టండి, చాక్లెట్ వాసనలు ఇట్టే పట్టేసుకుంటుంది. చల్లని అల్మారాలో రెండు వారాలు కరకరలాడతాయి. తప్పక ఫ్రిజ్‌లో దాచాల్సి వస్తే డబ్బాకి పైన ఇంకో సంచి చుట్టండి. తినేముందు మూత తీయకుండానే గంటసేపు బయట ఉంచండి. చెమట డబ్బా మీద పడుతుంది, క్లస్టర్ల మీద కాదు.

ఇతరులకి పంచేటట్లయితే వేరుశనగ ఉందని డబ్బా మీద రాయండి. అది పడనివాళ్ళకి చిన్న తునక కూడా ప్రమాదమే. వాళ్ళ కోసం వేయించిన గుమ్మడి గింజలు 200 గ్రాములతో విడిగా చేయొచ్చు. ఆ విడత ముందు చేయండి, గిన్నెలు, గరిటెలు వేరే వాడండి, చాక్లెట్ పొట్లం మీద కూడా వేరుశనగ హెచ్చరిక ఉందేమో చూడండి.

అడిగినవారు

నూనె మానేసి, 100 గ్రాములు తరిగి వేసి, పెదవి పరీక్షతో చేశాను. చాకు మీది చుక్క నాలుగున్నర నిమిషాల్లో ఆరింది. గిన్నె అంచులకి ఓ 40 గ్రాములు మిగిలిపోయి గట్టిపడింది. దాన్ని మళ్ళీ వాడొచ్చా?

జవాబు

వాడొచ్చు. పలుకుల పొట్టు, ప్రెట్జెల్ పొడి ఏరేసి, మళ్ళీ 45 డిగ్రీలకి కరిగించి, కొత్త తరుగు వేసి సీడింగ్ చేసుకోండి. దాన్నే సీడ్‌గా వాడాలంటే మాత్రం చారల్లేకుండా మెరుస్తూ, విరిస్తే టక్కుమనాలి.