ఫోర్డ్ ఐదు డాలర్ల జీతం వెనక మెలిక ఏమైనా ఉందా?

కాంటన్ కుర్రాడు:

అందరికీ నమస్కారం. మా నాన్న గుంటూరు నుంచి మొన్ననే వచ్చారు. ముప్పై ఏళ్లు స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మాల్సూ, నయాగరా ఏవీ ఆయనకి ఆనలేదు. "ఈ దేశంలో ఫ్యాక్టరీలేం లేవట్రా?" అని సణుగుతుంటే ఆదివారం డెట్రాయిట్‌ని ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్ తీసుకెళ్లాను. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఫోర్డ్ కార్ల కంపెనీ వాళ్ల పాత ప్లాంట్ ఇంకా నిలబడే ఉంది, ముందు ఒక బోర్డు కూడా ఉంది. ఆయన ఆ బిల్డింగు కిటికీలు చూస్తూ అరగంట నిలబడ్డారు.

నేను ఊరుకోకుండా, "1914లో హెన్రీ ఫోర్డ్ ఇక్కడ జీతం ఒక్కసారిగా రోజుకి ఐదు డాలర్లు చేశాడట నాన్నా, తన పనివాళ్లే తన కార్లు కొనుక్కోవాలని" అన్నాను. ఆయన నవ్వేశారు. "ఏ యజమానీ ఉత్తపుణ్యానికి ఇంక్రిమెంట్ ఇవ్వడు. ఎక్కడో మెలిక ఉంటుంది, కనుక్కో."

తెలిసినవాళ్లు చెప్పండి. మెలిక ఉందా?

నోవై బ్యాచిలర్:

మెలికేం లేదు బ్రో. జీతం పెంచితే జనం దగ్గర డబ్బుంటుంది, కార్లు కొంటారు. మాకు ఎంబీఏలో కూడా ఇదే చెప్పారు.

పాతకారు:

కాంటన్ బాబూ, ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. నేను 1986లో డెట్రాయిట్ వచ్చి, ఇరవై ఎనిమిదేళ్లు బ్రేకుల డిజైన్ చేసి దిగిపోయినవాణ్ణి. ఇప్పుడు పనేం లేదు, ఇవే చదువుకుంటూ కూర్చుంటాను. కాబట్టి పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టాలి.

ముందు నోవై బ్యాచిలర్ గారి లెక్క తేల్చేద్దాం. అప్పటికి ప్లాంటులో ఉన్నది ఓ 14 వేల మంది. ఏడాదికి బయటికొచ్చే కార్లు రెండు లక్షల పైచిలుకు. పనివాళ్లంతా తలా ఒకటి కొన్నా అది నెల రోజుల సరుకు కూడా కాదు. దానికోసం ఎవడైనా జీతం రెట్టింపు చేస్తాడా?

అసలు బాధ వేరే. 1913లో కారే పనివాడి ముందుకు జరుగుతూ వచ్చే కదిలే లైన్ పెట్టాక, అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ (కారు అడుగు చట్రం) బిగించే పని కొన్ని నెలల్లోనే గంటన్నరకి దిగింది. యజమానికి పండగే. పనివాడికి? ఒకడు బోల్టు పెడతాడు, పక్కవాడు నట్టు తొడుగుతాడు, ఆ పక్కవాడు బిగిస్తాడు. తొమ్మిది గంటలూ అదే. మీ నాన్నగారు ఫిట్టరు కదా, చేతిలో పని ఉన్న మనిషిని నట్టు దగ్గర నిలబెడితే ఎలా ఉంటుందో ఆయన్నే అడుగు. జనం నిలవలేదు. ఆ 14 వేల మందిని నిలుపుకోవడానికి ఒక్క 1913లోనే 52 వేల మందిని తీసుకోవాల్సొచ్చింది. వచ్చినవాడికి పని చెప్పేలోపే వాడు వెళ్లిపోతున్నాడు. ఇంకోపక్క యూనియన్ వాళ్లు గేటు దగ్గర మీటింగులు మొదలుపెట్టారు.

అప్పుడొచ్చింది ప్రకటన, 1914 జనవరి 5న. తొమ్మిది గంటలకు 2.34 డాలర్లు ఇచ్చే చోట ఎనిమిది గంటలకు ఐదు డాలర్లు. వారం తిరిగేసరికి గేటు ముందు పదివేల మందికి పైగా పోగయ్యారు. తోపులాట అయింది. ఫైర్ హోసులతో నీళ్లు కొట్టి చెదరగొట్టారు. జనవరిలో డెట్రాయిట్ చలికి తడిబట్టలతో నిలబడటం అంటే ఏమిటో ఇక్కడున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇక మెలిక. ఆ ఐదు డాలర్లలో జీతం పాత 2.34 మాత్రమే. మిగతా 2.66కి 'లాభాల్లో వాటా' అని పేరు పెట్టారు. వాటా చేతికి రావాలంటే కంపెనీలో ఆరు నెలలు చేసి ఉండాలి, పైగా నువ్వు బుద్ధిమంతుడివని తేలాలి. తేల్చడానికి 'సోషలాజికల్ డిపార్ట్‌మెంట్' అని ఒకటి పెట్టారు. దాని ఇన్‌స్పెక్టరు కంపెనీ కారులో, భాష రానివాళ్ల ఇంటికైతే దుబాసీని వెంటేసుకుని మరీ దిగేవాడు. పెళ్లయిందా, ఏదీ కాగితం? బ్యాంకు పుస్తకం చూపించు. అప్పులెంత? తాగుతావా? ఇంట్లో ఎంతమంది పడుకుంటారు? నీళ్లు, సబ్బు వాడుతున్నారా? ఇరుగు పొరుగునీ వాకబు చేసేవాళ్లు. మంచి ఇల్లు ఎలా ఉండాలో, చెడ్డ ఇల్లు ఎలా ఉంటుందో ఫొటోలు వేసి ఒక పుస్తకం కూడా పంచారు. తేడా వస్తే వాటా ఆపేస్తారు. ఆరు నెలల్లో మారకపోతే ఉద్యోగమే ఊడుతుంది.

నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది అద్దెకుండే వాళ్ల సంగతి. 1914లో ప్లాంటు పనివాళ్లలో పదికి ఏడుగురు బయటి దేశాల్లో పుట్టినవాళ్లే. పోలండ్, రష్యా, రుమేనియా, ఇటలీ. వాళ్ల ఇళ్లలో ఒక గది తమ ఊరివాళ్లకి అద్దెకివ్వడం, ఇంటావిడ వాళ్లకి కూడా వండిపెట్టడం మామూలు. దాంతో నాలుగు డబ్బులొచ్చేవి, కొత్తగా దిగినవాడికి కాస్త సొంత తిండీ సొంత మాటా దొరికేవి. కంపెనీకి అది అసహ్యం. పరాయి మగాళ్లు ఇంట్లో ఉండటమేంటి, సంసారం పాడైపోదూ అని. నేను వచ్చిన కొత్తలో డబుల్ బెడ్రూంలో ఐదుగురం ఉండేవాళ్లం, పప్పుచారు గిన్నె ఒకటే. ఆ లెక్కన నాకు 2.34యే గతి.

అక్కడితో ఆగలేదు. ఇంగ్లీషు రానివాళ్లకి కంపెనీ స్కూలు పెట్టింది. షిఫ్టుకి ముందో తర్వాతో వెళ్లాలి. భాష ఒక్కటే అయితే బాగానే ఉండేది. స్నానం ఎలా చేయాలి, బజారులో ఎలా కొనాలి, టేబుల్ దగ్గర ఎలా కూర్చోవాలి, అదీ పాఠమే. 1916లో ఆ స్కూలు పాసైనవాళ్లకి పట్టాలిచ్చిన పండగ సంగతి విను. స్టేజీ మీద ఓడ సెట్టింగు. పనివాళ్లు తమ ఊరి బట్టల్లో, భుజాన మూటలతో ఓడ దిగుతారు. కింద ఓ పెద్ద గంగాళం, పెళ్లి వంటల్లో ఉంటుందే, దానికి పదింతలు అనుకో. అందులోకి దిగుతారు. మాస్టార్లు పొడుగాటి గరిటెలతో కలుపుతారు. అవతలి వైపు నుంచి అందరూ సూట్లు వేసుకుని, చేతిలో అమెరికా జెండాలు ఊపుతూ బయటికొస్తారు. కట్టుకథ కాదయ్యా, నిజంగా జరిగింది.

ఇంకోటి. ఐదు డాలర్ల ప్రకటన వచ్చిన ఆ నెలలోనే, పాత క్యాలెండర్ ప్రకారం క్రిస్మస్‌కి సెలవు పెట్టిన ఆర్థడాక్స్ క్రైస్తవ పనివాళ్లని, దాదాపు 900 మందిని, పనిలోంచి తీసేశారు. అమెరికాలో ఉండాలంటే అమెరికా పండగలే చేసుకోవాలని.

లివోనియా అత్తగారు:

పాతకారు గారూ, మగవాళ్ల కథే చెప్పారు. పగలు ఇన్‌స్పెక్టరు వస్తే తలుపు తీసేది ఎవరండీ? ఆవిడేగా. గిన్నెలు తోమలేదని మొగుడి జీతంలో సగం పోతే ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఎవరూ రాయలేదా? ఇంతకీ ఆడవాళ్లకి ఐదు డాలర్లు ఇచ్చారా లేదా?

పాతకారు:

అమ్మా, మీరు అడిగింది న్యాయం. రూలు ఇలా ఉండేది: పెళ్లయి సంసారాన్ని బాగా చూసుకునే మగవాళ్లు ఒక వర్గం, 22 దాటి పొదుపుగా ఉండే ఒంటరి మగవాళ్లు రెండో వర్గం. 22 లోపు కుర్రాళ్లూ, ఆడవాళ్లూ అయితే ఇంట్లో ఎవరినైనా తామొక్కరే పోషిస్తూ ఉండాలి. అంటే ఇంటి బరువు మోస్తేనే. మొగుడు పనిచేస్తుంటే పెళ్లాం బయట పని చేయకూడదన్నది ఫోర్డ్ పట్టుదల. మీరడిగిన ఆ రాత్రి సంగతి మాత్రం ఇన్‌స్పెక్టర్ల ఫైళ్లలో దొరకదు.

మిల్‌వాకీ మిత్రుడు:

ఒక్క మాట కలుపుతాను. ఆ కొలువుల కబురు దక్షిణాది నల్లవాళ్లకీ చేరింది. 1910లో డెట్రాయిట్‌లో నల్లవాళ్లు ఆరు వేలకి లోపే, 1920కి 40 వేలు దాటారు. వాళ్లని ఫోర్డ్ పనిలోకి తీసుకున్నాడు, చాలామంది యజమానులు అదీ చేయలేదు. కానీ ఎక్కువమందిని వేసింది ఫౌండ్రీలో, అంటే లోహం కరిగించి పోతపోసే చోట. చర్చి పాస్టర్ సిఫారసు ఉత్తరం ఉంటే పని తేలిగ్గా దొరికేది. మనవాళ్ల సంగతంటారా, 1917 వలస చట్టం ఆసియా మీద తలుపు వేసేసింది. అయినా ఓడల్లో బొగ్గు వేసే బెంగాల్ వాళ్లు కొందరు రేవుల్లో దిగిపోయి డెట్రాయిట్ ఫ్యాక్టరీల్లో చేరారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు, పౌరసత్వం కోరిన పంజాబీ భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకి పౌరసత్వం కుదరదంది. గంగాళంలో దిగే అవకాశం కూడా మనకి లేదన్నమాట.

నోవై బ్యాచిలర్:

సరే, ఒప్పుకున్నా. ఆ డిపార్ట్‌మెంట్ ఇప్పటికీ ఉందా? అపార్ట్‌మెంట్లో నలుగురం ఉంటున్నాం, టెన్షన్‌గా ఉంది.

పాతకారు:

భయపడకు, 1921కల్లా అది దాదాపు మూతపడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ధరలు పెరిగి ఐదు డాలర్లకి విలువ లేకుండా పోయింది, 1919లో ఆరు చేశారు. దాన్ని నడిపిన పాస్టర్ మార్క్విస్ కూడా మానేశాడు. ఆ తర్వాత ఇళ్లకి రావడం తగ్గింది, ప్లాంటు లోపల కంపెనీ సొంత గూఢచారులు వచ్చారు. దానికన్నా ఇన్‌స్పెక్టరే నయం అన్నవాళ్లూ ఉన్నారు, నేను మాత్రం ఒప్పుకోను.

కాంటన్ కుర్రాడు:

అంతా నాన్నకి చదివి వినిపించాను. గంగాళం దగ్గర మూడుసార్లు ఆపించారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. "మా మిల్లు క్వార్టర్స్‌లో చుట్టాలొస్తే వాచ్‌మన్ పుస్తకంలో పేరు రాయాల్సొచ్చేది. దానికే మీ అమ్మ నెల రోజులు కస్సుబుస్సుమంది" అన్నారు. ఫోర్డ్ వాళ్ల రూజ్ ప్లాంటు చూపించే బస్సు డియర్‌బోర్న్ మ్యూజియం నుంచి వెళ్తుందని తెలిసింది, శనివారానికి టికెట్లు తీసుకున్నాను. పాతకారు గారూ, వీలైతే మీరూ రండి. ఆయన నట్లూ బోల్టుల గురించి అడుగుతారు, నేను జావా ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి.