కూర్చుంటే పాదం లేస్తుంది, నడిస్తే లేవట్లేదు – ఎఫ్‌ఈఎస్ మెషీన్

బుజ్జి అమ్మ:
పొద్దున్నించి దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఎవరైనా చెప్పండి ప్లీజ్. మా బాబుకి సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే సమస్య), కుడి కాలు. ఫిజియో సార్ ఇంట్లో వాడమని ఎఫ్‌ఈఎస్ మెషీన్ (చర్మం మీద ప్యాడ్లతో నరానికి చిన్న కరెంట్ ఇచ్చి, నడిచేటప్పుడు పాదాన్ని పైకి లేపేది) ఇచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి బటన్ నొక్కితే పాదం చక్కగా పైకి లేస్తుంది. నడిపిస్తే మాత్రం లేవదు. ఒక్కోసారి కాలు నేల మీద ఉండగా కరెంట్ వస్తుంది, వాడు ఉలిక్కిపడి ఏడుస్తున్నాడు. ప్యాడ్లు కొత్తవి, ఛార్జింగ్ ఫుల్. కరెంట్ పెంచనా? సార్ సోమవారం దాకా ఉండరు.

పాదం:
పెంచొద్దు. మడమ కింద పెట్టే స్విచ్చా, కాలికి కట్టే సెన్సరా?

మూర్తి:
అమ్మా, ముందు పిక్క కండరం సాగదీయండి. మెషీన్లు వచ్చాక అందరూ స్ట్రెచింగ్ మానేస్తున్నారు. మోకాలు చాపి ఉంచి, పాదాన్ని నెమ్మదిగా పైకి తోసి కాసేపు అలాగే పట్టుకోవాలి. గబుక్కున తోస్తే కండరం ఇంకా బిగుసుకుంటుంది. రోజూ చేయాలి. పిల్లలు ఎదిగేటప్పుడు ఎముక పెరిగినంత వేగంగా ఆ బిగుసుకున్న కండరం పెరగదు, అసలు చిక్కు అక్కడే ఉంది.

సీపీ నాన్న:
మేం పాపకి టెన్స్ (ప్యాడ్లతో కరెంట్ ఇచ్చే ఇంకో మెషీన్) పెట్టాం. అదీ ఇదీ ఒకటే, కరెంటే కదా.

పాదం:
ఒకటి కాదు. టెన్స్ నొప్పికి వాడతారు. ఎఫ్‌ఈఎస్‌లో కాలు గాల్లోకి లేచినప్పుడే కరెంట్ రావాలి, కాలు ఆనగానే ఆగాలి.

సీపీ నాన్న:
రెండూ చర్మం మీద ప్యాడ్లేగా. పేర్లు ఎన్నైనా పెడతారు.

మూర్తి:
పేర్ల గొడవ కాదండీ. 1961లోనే లిబర్సన్ బృందం పక్షవాతంతో పాదం పైకి లేవక కిందికి వాలిపోయేవాళ్లకి మడమ స్విచ్‌తో దీన్ని చేసి చూపించింది. అడుగుతో టైమింగ్ కలవడమే ఇందులో ప్రాణం.

బుజ్జి అమ్మ:
మడమ స్విచ్చే. బూటులో పెట్టాను. దయచేసి దాని గురించి చెప్పండి.

పాదం:
నడిచేటప్పుడు మడమ నేలకి ఆనుతుందా?

బుజ్జి అమ్మ:
ఆనదు, మునివేళ్ల మీదే నడుస్తాడు. సీపీ పిల్లలు చాలామంది అంతేగా, అందుకే రాయలేదు.

పాదం:
చిక్కు అదే. మడమ బరువు పడితే ఆఫ్, లేస్తే ఆన్, ఆ స్విచ్ లెక్క ఇది. మడమ ఎప్పుడూ పడకపోతే కాలు ఎప్పుడు లేచిందో మెషీన్‌కి తెలియదు. బూటు లోపల ఎప్పుడో అనుకోకుండా నొక్కుకుని వదిలితే అప్పుడు కొడుతుంది. స్విచ్ బొటనవేలి మొదట్లో, బరువు పడే చోట పెట్టి చూడండి. ఇంకోటి, కూర్చున్నప్పుడు మోకాలు వంగి ఉంటుంది కాబట్టి పిక్క వదులుగా ఉంటుంది, పాదం సులువుగా లేస్తుంది. మోకాలు చాపించి చేత్తో నెమ్మదిగా లేపండి. అప్పుడూ రాకపోతే కరెంట్ ఎంత పెంచినా రాదు, నొప్పే మిగులుతుంది. ఫిట్స్ ఉన్నాయా?

బుజ్జి అమ్మ:
ఫిట్స్ లేవు. ప్యాడ్ల కింద ఎర్రగా అవుతుంది, కాసేపటికి పోతుంది. పాదం లేచినప్పుడు కొంచెం బయటికి తిరుగుతుంది, అది మామూలేనా?

పాదం:
మోకాలి కింద బయటివైపు ఎముక బుడిపె దగ్గరుండే ప్యాడ్ నరం మీద ఎక్కువ పడుతోంది. కాస్త ముందుకి, ముందు ఎముక పక్కనుండే కండరం వైపు జరపండి. వేలెడంత కాదు, కొద్దిగా. సరిపోయిన చోట స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టుకోండి, రేపు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

సీపీ నాన్న:
మా పాపకి అసలు ఆ బుడిపె దొరకదండీ, ఎలా పట్టుకోవాలి?

మూర్తి:
రాత్రి స్ప్లింట్ (పాదాన్ని వంగనీకుండా పట్టి ఉంచే కట్టు) వేస్తున్నారా అమ్మా? అది చెప్పలేదు మీరు.

బుజ్జి అమ్మ:
స్విచ్ ముందుకి మార్చాను, చాలా అడుగుల్లో టైముకే వస్తోంది, ఏడవలేదు. కానీ మోకాలు చాపితే పాదం పూర్తిగా రావట్లేదు, సోమవారం సార్‌కి చూపిస్తాను. థాంక్సండీ, బాబు నిద్రకొచ్చాడు.

మూర్తి:
స్ప్లింట్ గురించి కూడా అడగండి, మర్చిపోకండి.