క్యూసీ నుంచి మారాలనుంది, కానీ అసలు కారణం ఏదో తేలడం లేదు

ప్రశ్న (క్యూసీ_కెమిస్ట్):
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. పాశమైలారంలో ఒక ఫార్ములేషన్ (మందుల తయారీ) కంపెనీలో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షల విభాగం, ఫినిష్డ్ ప్రాడక్ట్ సెక్షన్. సర్వీసు నాలుగేళ్ల నాలుగు నెలలు. ఏ, బీ, సీ షిఫ్టులు. ఒక వారం జీతం చాలడం లేదనిపిస్తుంది, ఇంకో వారం టీమ్ లీడర్‌తో పడలేననిపిస్తుంది, మరో వారం జీవితాంతం ఈ హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే యంత్రం) ముందేనా అనిపిస్తుంది. వాక్-ఇన్‌లో జడ్చర్ల సెజ్‌లోని కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. అదే క్యూసీ, సీటీసీ (కంపెనీ ఏడాదికి నా మీద పెట్టే మొత్తం ఖర్చు) 4.80 లక్షల నుంచి 6.24 లక్షలు, అందులో 10 శాతం వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చేది. నోటీసు రెండు నెలలు. ఇంట్లో ఆగమంటున్నారు. నేను ఎందుకు మారాలనుకుంటున్నానో ముందు నాకే తెలియాలి. ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1 (స్టెబిలిటీ_సెక్షన్):
వారానికో కారణం కనిపిస్తోందంటే మీరు గుర్తుంచుకుంటున్నది ఆఖరి చెడ్డ రోజును మాత్రమే. షిఫ్టు దిగి బస్సెక్కగానే ఫోన్‌లో ఒక్క వాక్యం రాయండి. తేదీ, షిఫ్టు, జరిగిన సంగతి. "చిరాకుగా ఉంది" అని రాస్తే తర్వాత దానివల్ల ఉపయోగం లేదు. "సిస్టమ్ సూటబిలిటీ (పరీక్షకు ముందు యంత్రం తనిఖీ) ఫెయిలైంది, కాలమ్ దొరక్క మూడు గంటలు ఆగాను", "సెలవు అడిగితే రోస్టర్ అయిపోయిందన్నారు" అని రాయాలి. మూడు షిఫ్టులూ, ఒక నెలాఖరూ అందులోకి వచ్చేదాకా రాయండి.

నెలాఖరు తప్పకుండా ఉండాలని చెప్పడానికి కారణముంది. డిస్పాచ్ ఒత్తిడంతా ఆ నాలుగైదు రోజుల్లోనే క్యూసీ మీద పడుతుంది. ఆడిట్‌కు ముందు నెల కూడా అంతే, పాత రికార్డులన్నీ మళ్లీ తిరగేయిస్తారు. మీ చెడ్డ రోజులన్నీ అక్కడే పోగైతే ఆ కారణం మీ కంపెనీది కాదు, ఈ రంగానిది. జడ్చర్లలోనూ నెలాఖరు ఉంటుంది.

రాసినవాటిలో ఒక్కోదాని పక్కన "కొత్తచోట ఇది ఉండదా?" అని వేసుకోండి. ఉంటుందన్నవి కొట్టేయండి. మిగిలినవే మారడానికి కారణాలు.

జవాబు 2 (ఏఆర్‌డీ_విశ్లేషకుడు):
మీరు చెప్పిన మూడూ మూడు వేర్వేరు దారులకు పోతాయి. ఒకే ఆఫర్‌తో మూడూ తీరవు.

టీమ్ లీడరే కారణమైతే ముందు సెక్షన్ మార్పు అడగండి. రా మెటీరియల్, స్టెబిలిటీ, వాలిడేషన్‌లో ఏదైనా సరే. అదే గేటు లోపల మనిషి మారతాడు, సర్వీసు తెగదు.

పని విసుగైతే క్యూసీ నుంచి క్యూసీకి వెళ్లడం దండగ. కొత్త లాబ్‌లో ఎస్‌ఓపీలు (పని విధానాల పత్రాలు) నేర్చుకునే మొదటి నెలలు కొత్తగా ఉంటాయి, ఆ తర్వాత అవే సీక్వెన్సులు, అవే ఇంజెక్షన్లు. మెథడ్ డెవలప్‌మెంట్, వాలిడేషన్, రెగ్యులేటరీ వైపు చూడాలి. అక్కడ ఎక్కువచోట్ల జనరల్ షిఫ్టే కాబట్టి రాత్రిళ్ల బాధా తగ్గుతుంది. ఆ ఇంటర్వ్యూల్లో పీక్ టెయిలింగ్ ఎందుకొస్తుంది, పీహెచ్ మారిస్తే రిటెన్షన్ ఎటు జరుగుతుంది అని అడుగుతారు. రోజూ ఎన్ని శాంపిళ్లు చేశారని కాదు. ఇప్పుడున్నచోటే మెథడ్ ట్రాన్స్‌ఫర్ (పరీక్షా పద్ధతిని ఒక లాబ్ నుంచి మరో లాబ్‌కు అప్పగించే) పని ఒకటి అడిగి చేయండి. చేస్తూ ఉంటే విసుగు పనిమీదా, రొటీన్‌మీదా అన్నది కూడా తెలిసిపోతుంది.

ఒక్క విషయం మాత్రం వీటన్నిటికీ వేరు. టీమ్ లీడర్‌తో గొడవ దేని గురించి? ఫలితం స్పెసిఫికేషన్ దాటితే నమోదు చేయకుండా మళ్లీ ఇంజెక్ట్ చేయమనడం, వెనక తేదీతో సంతకం అడగడం లాంటివైతే నెల రోజుల రాతలూ అక్కర్లేదు, లెక్కలూ అక్కర్లేదు. బయటపడండి. ఆడిట్ ట్రయల్‌లో (ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్‌లో ఉండే రికార్డులో) ఉండేది మీ లాగిన్, ఆయన మాట కాదు.

క్యూసీ_కెమిస్ట్:
డేటా విషయంలో ఏ ఒత్తిడీ లేదండి. సెలవులు ఇవ్వడు, నా రిపోర్టుల రివ్యూలు ఆపుతాడు, అంతే.

జవాబు 3 (పేరోల్_లెక్కలు):
జీతమే కారణం అనుకునే ముందు చేతికొచ్చేది చూడండి. బేసిక్ సీటీసీలో సగమనీ, పాతచోట వేరియబుల్ లేదనీ అనుకుని వేస్తున్నాను.

6.24 లక్షల్లో వేరియబుల్ 62,400 పక్కన పెట్టండి. కంపెనీ కట్టే పీఎఫ్ 37,440, గ్రాట్యుటీ పేరుతో దాదాపు 15,000, మీ వాటా పీఎఫ్ మరో 37,440. వృత్తి పన్ను నెలకు 200. చేతికి నెలకు సుమారు 39,100. ఇదే పద్ధతిలో 4.80 లక్షలకు సుమారు 34,000. అంటే నెలకు 12,000 పెరిగిందనుకున్నది చేతిలో 5,000. వేరియబుల్ పూర్తిగా వస్తే ఏడాది చివర ఇంకొంత. ఇల్లు మారితే అద్దె, మారకపోతే ప్రయాణం ఇందులోంచే పోవాలి.

ఇక గ్రాట్యుటీ, అంటే ఐదేళ్ల సర్వీసు తర్వాత వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం. నెల బేసిక్ 20,000 అయితే 20,000 × 15 ÷ 26 × 5, దాదాపు 57,700. ఐదేళ్లు నిండకుండా వెళ్తే ఇది పోవచ్చు. కొత్తచోట చేతికొచ్చే పెంపులో దాదాపు ఏడాది మొత్తం ఇది. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని ఇచ్చే కంపెనీలున్నాయి, పూర్తి ఐదేళ్లు కావాలనేవీ ఉన్నాయి. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి జవాబు రాతలో తీసుకోండి. లెక్కకొచ్చేది రాజీనామా ఇచ్చిన రోజు కాదు, ఆఖరి పనిదినం. నోటీసు రెండు నెలలూ సర్వీసులో కలుస్తాయి.

పీఎఫ్ మాత్రం తీసేయకండి, కొత్త కంపెనీకి పాత యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) ఇచ్చి బదిలీ చేయించండి. ఐదేళ్లు నిండకముందు తీసుకుంటే పన్ను పడుతుంది. బదిలీ చేస్తే రెండు సర్వీసులూ కలుస్తాయి.

జవాబు 1 (స్టెబిలిటీ_సెక్షన్):
సెలవులూ రివ్యూలే అయితే సెక్షన్ హెడ్‌ను ఒకసారి కలవండి. ఆఫర్ సంగతి ఎత్తకండి, ఎత్తితే మాటంతా జీతం వైపు పోతుంది. ఫలానా తేదీల్లో అడిగిన సెలవులు ఇవి, ఆగిన రివ్యూలు ఇవి అని మీ రాతల్లోంచే చూపించి, సెక్షన్ మార్పు అడగండి. వచ్చే రెండు నెలల రోస్టర్‌లో ఏం మారిందో చూడండి. జడ్చర్ల వాళ్లను చేరే తేదీ పొడిగించమని ఈలోపే అడగండి. ఒప్పుకుంటే మెయిల్‌లో తీసుకోండి. ఒప్పుకోకపోతే ఈ ఆఫర్ వదులుకోవడమో, గ్రాట్యుటీ వదులుకోవడమో మీరే ఎంచుకోవాలి. నాకైతే ఈ 5,000 కోసం అదే షిఫ్టుల్లోకి వెళ్లడం సరిపడినట్టు లేదు.