ప్రెప్ ఫ్రీ అన్నారు, మరి ల్యాబ్ బిల్లు ఎందుకొచ్చింది?

అట్లాంటా స్టూడెంట్:
అందరికీ నమస్కారం. ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. వారానికోసారి ఒక చిన్న క్లినిక్‌లో, హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వాడే ప్రెప్ మందు కోసం వచ్చేవాళ్లకి కాగితాల పని చేసిపెడతాను. ఎక్కువమంది నల్లజాతి కుర్రాళ్లే. మందు మొదలుపెడతారు, మూడో నెల పరీక్షలకి కనిపించరు. మొన్న ఒకతను ల్యాబ్ బిల్లు తెచ్చి నా ముందు పెట్టాడు. రెండొందల డాలర్ల పైనే. "ఫ్రీ అన్నారుగా?" అన్నాడు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది అతనికి. ఏం చెప్పాలో తోచలేదు. మా పైవాళ్లేమో "వీళ్లకి ఆసక్తి ఉండదు" అని తేల్చేశారు. ఆ బిల్లుకి ఏమైనా దారి ఉందా?

బిల్లింగ్ అక్క, డాలస్:
ఉంది తమ్ముడూ. ముందు అతన్ని తొందరపడి కట్టొద్దను. ఏ ముందుజాగ్రత్త వైద్యం అందరికీ అందాలో సిఫార్సు చేసే నిపుణుల బృందం, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, 2019 జూన్‌లో ప్రెప్‌కి 'ఎ' గ్రేడ్ ఇచ్చింది. దాంతో చాలావరకు ప్రైవేట్ ఇన్సూరెన్స్‌లు కోపే, అంటే పేషెంట్ చేతినుంచి కట్టే వాటా, లేకుండా ఇవ్వాల్సిందే. మందు ఒక్కటే కాదు, దానికోసం చేసే హెచ్‌ఐవీ, హెపటైటిస్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), సుఖవ్యాధుల పరీక్షలు, డాక్టర్ విజిట్ కూడా అందులోకే వస్తాయని 2021 జులైలో ఫెడరల్ ప్రభుత్వం స్పష్టంగా చెప్పింది.

మరి బిల్లు ఎందుకొచ్చిందంటే, చాలావరకు కోడింగ్ గొడవే, అంటే క్లెయిమ్ మీద వేసే కోడ్ తప్పడం. ముందుజాగ్రత్త పరీక్ష అని కాకుండా రోగ నిర్ధారణ పరీక్ష అని పంపి ఉంటారు. ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి వచ్చిన ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్ కాగితం (దేనికి ఎంత కట్టారో చెప్పేది) తెమ్మను. అందులో డిడక్టిబుల్ కింద, అంటే ఇన్సూరెన్స్ మొదలయ్యేలోపు పేషెంటే కట్టాల్సిన మొత్తంలో, వేశారా చూడు. క్లెయిమ్ పంపింది క్లినిక్ అయినా ల్యాబ్ అయినా, ఆ బిల్లింగ్ వాళ్లని జెడ్ 29.81 డయాగ్నసిస్ కోడ్ (ప్రెప్ కోసం అని చెప్పేది), మాడిఫయర్ 33 (ముందుజాగ్రత్త సేవ అని చెప్పేది) పెట్టి క్లెయిమ్ మళ్లీ పంపమను. ల్యాబ్‌కి ఫోన్ చేసి, క్లెయిమ్ మళ్లీ వెళ్తోంది, బిల్లుని కలెక్షన్స్‌కి, అంటే బాకీ వసూలు చేసేవాళ్లకి, పంపొద్దని చెప్పించు. అయినా కాదంటే రాతపూర్వకంగా అప్పీల్. ల్యాబ్ ఆ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో లేకపోతే మాత్రం కష్టం. రక్తం ఏ ల్యాబ్‌కి పంపుతున్నారో ముందే చూసుకోవాల్సింది క్లినిక్. పేషెంట్‌కి అదెలా తెలుస్తుంది?

అన్నట్టు, ఈ నిబంధన కోర్టు కొట్టేసిందని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు టాస్క్ ఫోర్స్ సభ్యుల్ని నియమించే పద్ధతిని సమర్థించింది.

ఫార్మసిస్ట్, షార్లెట్:
అక్క బిల్లు సంగతి చెప్పారు కాబట్టి నేను ఆ 'ఆసక్తి' మాటకి వస్తాను. 2022కి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వేసిన లెక్క ప్రకారం, ప్రెప్ అవసరమైన తెల్లవాళ్లలో 94 శాతం మందికి ప్రిస్క్రిప్షన్ అందింది. హిస్పానిక్‌లలో 24, నల్లజాతివాళ్లలో 13. కొత్తగా హెచ్‌ఐవీ బయటపడేవాళ్లలోనేమో దాదాపు పదిమందిలో నలుగురు నల్లజాతివాళ్లే, సగానికి పైగా దక్షిణ రాష్ట్రాలవాళ్లే. ఇంత తేడా ఆసక్తి వల్ల వస్తుందా? జార్జియా, టెక్సస్, ఫ్లోరిడా చాలా రాష్ట్రాల్లా మెడికెయిడ్‌ని, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్‌ని, పూర్తిగా విస్తరించలేదు. లైంగిక సంబంధాలున్న పెద్దలకీ టీనేజర్లకీ అందరికీ ప్రెప్ గురించి చెప్పమని సీడీసీ 2021 గైడ్‌లైన్ డాక్టర్లకి చెబుతోంది. చెప్పేవాళ్లు ఎంతమంది?

టస్కెగీ ఉదంతం మీరు చదివే ఉంటారు. పక్కనే అలబామాలో, 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ (సుఖవ్యాధి) ఉన్న నల్లజాతి మగవాళ్లకి సరైన చికిత్స ఇవ్వకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా అది ఇవ్వకుండా, ప్రభుత్వ డాక్టర్లు చూస్తూ కూర్చున్నారు. అపనమ్మకం అంటే అందరూ అదే గుర్తుచేస్తారు. నన్నడిగితే అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. ఫ్రీ అని చెప్పి బిల్లు పంపితే మీరైనా మళ్లీ వెళ్తారా?

అట్లాంటా స్టూడెంట్:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. ఇన్సూరెన్సే లేనివాళ్లకి ఏం చెప్పను? ఆరు నెలలకో ఇంజెక్షన్ వచ్చిందట కదా అని కూడా అడుగుతున్నారు.

ఫార్మసిస్ట్, షార్లెట్:
ఇన్సూరెన్స్ లేకపోతే జనరిక్ టెనోఫోవిర్–ఎమ్‌ట్రిసిటాబిన్ రాయించండి. రోజుకో మాత్ర. డిస్కౌంట్ కూపన్‌తో చాలా చోట్ల చవకగానే దొరుకుతుంది. షాపుకీ షాపుకీ రేటు మారుతుంది, రెండు మూడు చోట్ల కనుక్కోండి. పరీక్షలకి, ఆదాయాన్నిబట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కి పంపండి. ఆడవాళ్లకీ ఈ జనరికే నయం. డెస్కోవీ అనే మాత్రకి యోని సంభోగం విషయంలో అనుమతి లేదు, దాని ప్రధాన ట్రయల్‌లో ఆడవాళ్లని చేర్చుకోలేదు మరి.

ఆ ఇంజెక్షన్ లెనకాపవిర్. 2025 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. అప్పుడు అమెరికాలో లిస్ట్ ధర ఏడాదికి 28,218 డాలర్లు. మన హైదరాబాద్ కంపెనీలు హెటిరో, డాక్టర్ రెడ్డీస్ ఇదే మందుని 2027 నుంచి 120 దేశాలకి ఏడాదికి 40 డాలర్లకి ఇస్తామని ప్రకటించాయి. ఆ లైసెన్సులో అమెరికా లేదు. మీ క్లినిక్ కుర్రాడికి ఆ ధర వర్తించదన్నమాట. ఇన్సూరెన్స్ ఉంటే ప్రయత్నించొచ్చు, ముందస్తు అనుమతి అడగొచ్చు.

బిల్లింగ్ అక్క, డాలస్:
ఇంకొక్క మాట. మొదటిసారి వచ్చినప్పుడే మూడో నెల పరీక్షకి తేదీ రాసిచ్చెయ్యి. మెసేజ్ పంపేటప్పుడు అందులో హెచ్‌ఐవీ అనే మాట రాయొద్దు, ఇంట్లోవాళ్లు ఫోన్ చూస్తారు.

ఫార్మసిస్ట్, షార్లెట్:
అవును. మధ్యలో ఆపేసినవాళ్లు వస్తే మిగిలిన మాత్రలు వేసేసుకోమనకండి, మళ్లీ హెచ్‌ఐవీ టెస్ట్ చేశాకే మొదలుపెట్టాలి. ఆపేసిన రోజుల్లో రిస్క్ జరిగిందంటే, 72 గంటల లోపైతే ఆ రోజే డాక్టర్ దగ్గర కూర్చోబెట్టండి. దానికి వేరే కోర్సు ఉంది, 28 రోజులు వాడాలి.