తక్కువ బడ్జెట్‌లో వేట రైఫిల్‌కి స్కోప్: 3-9×40 సరిపోతుందా, 4-16×50కి వెళ్లాలా?

కొత్తగురి:

రైఫిల్ .308 బోల్ట్ యాక్షన్. పర్మిట్ మీద జింక, అడవి పంది వేటకే వాడతాను. కాల్చే దూరం చాలావరకు 50 నుంచి 150 మీటర్లు, బయలు ప్రదేశమైతే 200, ఎప్పుడైనా ఒకసారి 250. జంతువులు బయటికొచ్చేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ కాబట్టి మసక వెలుతురులో పనికిరావాలి. స్కోప్, బేస్ (రైఫిల్ మీద బిగించే పట్టీ), రింగులు (స్కోప్‌ని బేస్‌కి పట్టి ఉంచేవి) మూడూ కలిపి రైఫిల్ ఖరీదులో మూడో వంతు దాటకూడదు.

ఒకే రేటుకు రెండు దొరుకుతున్నాయి. ఒకటి పేరున్న కంపెనీ 3-9×40 (అంటే 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్స్ 40 మి.మీ.), అదనపు హంగులేమీ లేవు. రెండోది 4-16×50. వెలిగే రెటికిల్ (లోపల కనబడే గురి గీతలు), ఫస్ట్ ఫోకల్ ప్లేన్, సైడ్ ఫోకస్ ఉన్నాయి, పైగా రింగులు ఉచితం. చూడబోతే రెండోదే లాభంగా ఉంది. 16 రెట్లు అవసరమా? 50 మి.మీ. లెన్స్ వల్ల చీకట్లో నిజంగా తేడా ఉంటుందా? ఉచిత రింగుల్ని నమ్మొచ్చా?

కటకం_చూపు:

3-9×40 తీసుకోండి. రేటు ఒకటే అయినప్పుడు, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో చూడాలి. 4-16లో లెన్సులు ఎక్కువ, సైడ్ ఫోకస్ మెకానిజం, బ్యాటరీ, లైటు సర్క్యూట్ అదనం. వీటన్నిటికీ పంచగా గాజుకి, కోటింగ్‌కి, టరెట్ (గురి సర్దే మర) లోపలి స్ప్రింగులకి మిగిలేది చాలా తక్కువ. హంగులు లేని 3-9లో ఆ డబ్బంతా ఈ మూడింటికే వెళ్తుంది. వేటలో మీకు కావలసినవి కూడా ఈ మూడే.

ఇక వెలుతురు సంగతి. స్కోప్ నుంచి కంటికి చేరే కాంతి వలయం వెడల్పు, అంటే ఎగ్జిట్ ప్యూపిల్, తెలియాలంటే ముందు లెన్స్ వ్యాసాన్ని పవర్‌తో భాగించండి. 40ని 9తో భాగిస్తే 4.4 మి.మీ. 50ని 16తో భాగిస్తే 3.1 మి.మీ. చీకట్లో కంటిపాప చిన్న వయసులో 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ 5 దగ్గరే ఆగిపోతుంది. అంటే 16 పవర్‌లో మసక వేళ చూస్తే కన్ను తీసుకోగలిగే వెలుతురులో చాలా భాగం అసలు కంటికి అందదు. 40 మి.మీ. లెన్స్‌నే 6 పవర్‌కి తగ్గిస్తే 6.7 మి.మీ. వస్తుంది, కన్ను నిండిపోతుంది. 50 మి.మీ. లెన్స్‌తో ఆ పాటి వలయం 7 పవర్ దగ్గర కూడా దొరుకుతుంది. 50కి పోతే మసక వేళ మీకు మిగిలేది ఆ ఒక్క మెట్టే. దానికి బదులు బరువు పెరుగుతుంది, స్కోప్ సుమారు 5 మి.మీ. పైకి లేస్తుంది, చెంప స్టాక్ మీద గట్టిగా ఆనదు. చెంప ఆనకపోతే ప్రతిసారీ కన్ను ఒక్కోచోట ఉంటుంది.

లెన్స్ సైజు కన్నా కోటింగే ముఖ్యం. కోటింగ్ లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం కాంతిని వెనక్కి తిప్పికొడుతుంది. పది ఉపరితలాలు దాటేసరికి మూడో వంతు పోయినట్టే. మంచి మల్టీ కోటింగ్‌తో ఒక్కో ఉపరితలం దగ్గర పోయేది అర శాతం అనుకుంటే, పదీ దాటాక కూడా 95 శాతం మిగులుతుంది. పెట్టె మీద 'ఫుల్లీ మల్టీ-కోటెడ్' అనే మాట పూర్తిగా ఉందో లేదో చూడండి. 'కోటెడ్' అంటే ఏదో ఒక ఉపరితలానికి ఒక పొర పూసినా చాలు. 'ఫుల్లీ కోటెడ్' అంటే అన్నిటికీ ఒక్కో పొర. 'మల్టీ-కోటెడ్' అంటే కొన్నిటికి మాత్రమే ఎక్కువ పొరలు. ముందు లెన్స్ కెంపులా ఎర్రగా మెరుస్తుంటే వద్దు. అది ఎర్ర కాంతిని తిప్పికొడుతుంది, బొమ్మ పచ్చనీలంగా కనబడుతుంది, సందెవేళ గోధుమరంగు ఒళ్లు పొదల్లో కలిసిపోతుంది.

ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో పవర్‌తో పాటు రెటికిల్ కూడా పెరుగుతుంది, తగ్గుతుంది. దూరం కాల్చేవాళ్లకి అది వరమే. కానీ 4 పవర్‌లో గీతలు వెంట్రుకంత సన్నబడతాయి, మసక వేళ పొద ముందు కనబడవు. మీరు ఎక్కువగా వాడేది ఆ పవరే. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో (ఇందులో పవర్ మారినా రెటికిల్ సైజు మారదు) అంచులు లావుగా, మధ్యలో సన్నగా ఉండే డ్యూప్లెక్స్ రెటికిల్ తీసుకోండి. కింద దూరపు గుర్తులున్న రకం తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఆ గుర్తులు ఒకే ఒక పవర్ దగ్గర, సాధారణంగా గరిష్ఠ పవర్ దగ్గర, సరిపోతాయి.

సైడ్ ఫోకస్ లేదని దిగులు వద్దు. అది సరిచేసేది పారలాక్స్‌ని, అంటే కన్ను పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనబడటాన్ని. వేట స్కోపుల్లో సాధారణంగా 100 గజాల దగ్గర పారలాక్స్ లేకుండా బిగించి ఉంటుంది. 40 మి.మీ. లెన్స్‌తో 200 గజాల దగ్గర, కన్ను పూర్తిగా అంచుకి జరిగినా తప్పు 20 మి.మీ. మించదు. రిమ్‌ఫైర్ .22 స్కోప్ మాత్రం చవకగా వచ్చినా కొనకండి. దాని పారలాక్స్ 50, 60 గజాలకి పెట్టి ఉంటుంది. 50కి పెట్టినదైతే అదే సైజు లెన్స్‌తో 200 దగ్గర తప్పు 60 మి.మీ. దాకా పోతుంది. .308 తన్నుడుకి తట్టుకునేలా కూడా దాన్ని తయారుచేయరు.

ఐ రిలీఫ్, అంటే నిండు బొమ్మ కనబడటానికి కంటికీ వెనక లెన్స్‌కీ మధ్య ఉండాల్సిన దూరం, కనీసం 90 మి.మీ. ఉండాలి. చాలా స్కోపుల్లో పవర్ పెంచితే అది తగ్గుతుంది కాబట్టి 9 దగ్గర ఎంతో చూడండి. చాలకపోతే స్కోప్ అంచు కనుబొమను చీలుస్తుంది.

ల్యూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్, వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, బర్రిస్ ఫుల్‌ఫీల్డ్, ఈ మూడు వరుసల్లోనూ 3-9×40 ఉంది. వీటిలో బడ్జెట్‌కి అందేదాన్ని తీసుకోండి.

సందెవేళ:

కటకం_చూపు గారి మాటకి ఒక చేర్పు. ఫిక్స్‌డ్ పవర్ 6×42 దొరికితే అది కూడా చూడండి. ఎగ్జిట్ ప్యూపిల్ ఎప్పుడూ 7 మి.మీ., పవర్ తిప్పే మెకానిజమే లేదు కాబట్టి చెడిపోయే భాగాలు తక్కువ. అదే డబ్బుకి గాజు ఇంకా బాగుంటుంది.

కటకం_చూపు:

వేచి కూర్చుని కాల్చేవాళ్లకి 6×42 చక్కటిది, కాదనను. కానీ ఈయన 50 మీటర్లలో పంది కూడా అంటున్నారు. 3 పవర్‌లో 100 మీటర్ల దగ్గర సుమారు 11 మీటర్ల వెడల్పు కనబడుతుంది, 9లో నాలుగున్నర. 6 పవర్‌లో, అదీ 50 మీటర్ల దగ్గరైతే, పొదల మధ్య కదిలే జంతువుని స్కోప్‌లో వెతుక్కోవడమే కష్టం. పక్కన రెండో పంది ఉందా, వెనక మనిషి ఉన్నాడా అన్నది కూడా కనబడాలి. నడిచేటప్పుడు పవర్ ఎప్పుడూ 3 మీదే ఉంచాలి. పెంచుకోవడానికి టైము దొరుకుతుంది, తగ్గించుకోవడానికి దొరకదు.

ఇంకోటి, స్కోప్‌తో అడవిని వెతకకండి. ఎటు చూస్తే అటు తుపాకీ మూతి తిరుగుతుంది. 8×42 బైనాక్యులర్ విడిగా ఉండాలి.

మర_బిగింపు:

రింగుల గురించి నేను చెప్తాను. 'స్కోప్ జీరో నిలవడం లేదు' అని, అంటే సర్ది పెట్టిన గురి తప్పిపోతోందని, వచ్చే ఫిర్యాదుల్లో తప్పు చాలాసార్లు స్కోప్‌ది కాదు, బిగింపుది. ఉచిత రింగులు తరచుగా మెత్తని అల్యూమినియంతో చేసినవై ఉంటాయి, రెండు రింగుల కేంద్రాలు ఒకే వరుసలో ఉండవు. బిగిస్తే గొట్టం వంగుతుంది. బడ్జెట్‌లో ఒక భాగం మంచి రింగులకి, బేస్‌కి ముందే పక్కన పెట్టండి. గొట్టం 1 అంగుళమైతే 1 అంగుళం రింగులు, 30 మి.మీ. అయితే 30. 30 మి.మీ. గొట్టం ఎక్కువ వెలుతురు ఇస్తుందన్నది అపోహ, అది ఇచ్చేది ఎక్కువ అడ్జస్ట్‌మెంట్ మాత్రమే. ఎత్తు విషయంలో, స్కోప్ ముందు భాగానికీ బ్యారెల్‌కీ మధ్య 2, 3 మి.మీ. ఖాళీ ఉండి, బోల్ట్ పిడి స్కోప్ వెనక భాగానికి తగలకపోతే చాలు. అంతకన్నా ఎత్తు వద్దు.

రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, బోల్ట్ తీసేసి మొదలుపెట్టండి. రిసీవర్ రంధ్రాల్లో, స్క్రూల మీద ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. దాన్ని ఆల్కహాల్‌తోనో అసిటోన్‌తోనో పూర్తిగా తుడవండి. నూనె ఉంటే అదే టార్క్‌కి (తిప్పే బలానికి) స్క్రూ ఎక్కువ బిగుస్తుంది, తర్వాత వదులవుతుంది కూడా. బేస్ స్క్రూలకి సుమారు 20 ఇంచ్-పౌండ్లు, అంటే 2.3 న్యూటన్ మీటర్లు. తయారీదారు కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క ఇక్కడ వేయొచ్చు. బిగించాక బోల్ట్ పెట్టి ఆడించి చూడండి. పట్టేస్తుంటే ముందు స్క్రూ పొడవెక్కువై లోపల బోల్ట్‌కి తగులుతోందన్నమాట.

రింగు పైమూతల స్క్రూలకి 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, అంటే 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు. ఇక్కడ థ్రెడ్ లాకర్ వద్దు. తడిగా ఉన్నప్పుడు అది నూనెలా పనిచేసి, లెక్కకి మించి బిగుస్తుంది, గొట్టం నొక్కుకుపోతుంది. పవర్ రింగు తిప్పడం బరువైతే, టరెట్ క్లిక్కులు ఒకసారి కదిలి ఒకసారి కదలకపోతే మొదట అనుమానించాల్సింది ఇదే. అలెన్ కీతో చేతి అంచనా మీద బిగించకండి, టార్క్ డ్రైవర్ అరువైనా తెచ్చుకోండి. నాలుగు మూలలూ ఎదురుమూలలు మార్చి మార్చి, పావు చుట్టు చొప్పున బిగిస్తూ రెండు వైపులా సందు సమానంగా ఉంచండి.

పూర్తిగా బిగించే ముందు రెండు పనులు. ఒకటి, వేటకి వేసుకునే మందపు కోటు తొడుక్కుని, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, కళ్లు తెరవండి. 9 పవర్‌లో అంచుల్లో నల్లని నీడ లేకుండా నిండు వలయం కనబడేదాకా స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరపండి. పడుకుని కాల్చేటప్పుడు కన్ను ఇంకా దగ్గరికి వస్తుంది, ఆ భంగిమలో కూడా చూడండి. రెండు, 20 మీటర్ల దూరంలో దారానికి బరువు కట్టి వేలాడదీసి, రైఫిల్ సమంగా ఉంచి, నిలువు గీతని దారంతో కలపండి. మూతలు బిగిస్తుంటే స్కోప్ కొంచెం తిరుగుతుంది, కాబట్టి చివర్లో మళ్లీ చూసుకోవాలి.

కొత్తగురి:

అందరికీ ధన్యవాదాలు. 3-9×40 కే ఖాయం చేసుకున్నాను, రింగులు విడిగా కొంటాను. ఇంకో సందేహం: దీనికన్నా పై వరుస స్కోప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో ఇదే డబ్బుకి వస్తోంది. దాన్ని పరీక్షించడం ఎలా? బిగించాక స్కోప్ సరిగా పనిచేస్తోందో లేదో ఎలా తేలుతుంది?

సందెవేళ:

మొదట గొట్టం మీద వేలు ఆడించండి. రింగు గీతలు పరవాలేదు, వేలికి నొక్కు తగిలితే వదిలేయండి. ముందు నుంచి టార్చి వేసి లోపల మరకలు, బూజు చూడండి. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే ఏమీ గలగలలాడకూడదు. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీయండి. బయట పట్టిన చెమ్మ గుడ్డతో పోతుంది. తుడిచాక కూడా మసక ఉంటే అది లోపలిది, లోపల నింపిన నైట్రోజన్ పోయి తేమ చేరినట్టే.

తర్వాత ముందు లెన్స్‌ని అద్దానికి ఆనించి కనిష్ఠ పవర్‌లో చూడండి. రెటికిల్, దాని నీడ రెండూ కనబడతాయి. టరెట్లు తిప్పుతూ రెండింటినీ ఒకదాని మీద ఒకటి కలిపితే స్కోప్ సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. అక్కణ్ణుంచి పైకి, కిందికి క్లిక్కులు లెక్కపెట్టండి. ఒక వైపు మరీ తక్కువుంటే, తిప్పుతుంటే రెటికిల్ పక్కకి వాలితే కొనకండి.

బిగించాక తూటా ఖర్చు లేకుండానే సగం పరీక్ష అవుతుంది. ఖాళీ రైఫిల్‌ని కదలకుండా గట్టిగా పట్టించి, 100 మీటర్ల దూరంలో గీతలు గీసిన అట్ట నిలబెట్టండి. ఒక క్లిక్‌కి పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు కోణం) జరిగే స్కోప్‌లో 100 మీటర్ల దగ్గర ఒక క్లిక్ 7.3 మి.మీ. 20 క్లిక్కులు పైకి తిప్పితే రెటికిల్ 145 మి.మీ. జరగాలి. తర్వాత 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పితే మొదలుపెట్టిన గీత మీదికే రావాలి. ఇదే చతురస్రాన్ని తర్వాత మూలకి మూడు తూటాలతో కాల్చి చూడండి. చవక స్కోపుల్లో తరచుగా కనబడే లోపం ఏంటంటే, క్లిక్ తిప్పినా రెటికిల్ అక్కడే ఉండి, తర్వాతి తూటా తన్నుడుకి ఒక్కసారిగా జరుగుతుంది. లోపలి ఎరెక్టర్ గొట్టాన్ని నెట్టే స్ప్రింగు బలహీనంగా ఉంటే ఇలా అవుతుంది. దాన్ని సర్దుకుపోవద్దు, వాపసు గడువు లోపలే పంపేయండి. అందుకే కొన్న వారంలోనే పరీక్షించాలి.

జీరో చేయడానికి, బోల్ట్ తీసి బ్యారెల్ లోంచి 25 మీటర్ల దగ్గరి చుక్కని మధ్యకి తెచ్చి, రైఫిల్ కదలకుండా రెటికిల్‌ని ఆ చుక్క మీదికి తిప్పండి. ఆ దూరంలో ఒక క్లిక్ 1.8 మి.మీ. మాత్రమే, కాబట్టి 100 మీటర్ల లెక్కకి నాలుగు రెట్లు తిప్పాలి. చాలామంది ఇక్కడే తికమకపడతారు. తర్వాత 100 మీటర్లకి వెళ్లి, ఇసుక సంచి మీద మూడేసి తూటాల గ్రూపు కాల్చి, ఆ మూడింటి మధ్యబిందువు చూసి సరిచేయండి. ఒక్క తూటా చూసి క్లిక్కులు తిప్పకండి. గ్రూపుకీ గ్రూపుకీ మధ్య బ్యారెల్ చల్లారనివ్వండి. 150 గ్రెయిన్ల .308 తూటాని 100 దగ్గర 5 సెం.మీ. పైన పెడితే, 200 దగ్గర దాదాపు గురి మీదే పడుతుంది, 250 దగ్గర పది సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. మీరు వాడే తూటాతో 200 దగ్గర కాల్చి నిర్ధారించుకోండి.

మర_బిగింపు:

తర్వాత ఎప్పుడైనా గ్రూప్ ఒక్కసారిగా చెదిరితే టరెట్ ముట్టుకోకండి. ముందు స్టాక్‌ని రిసీవర్‌కి పట్టి ఉంచే స్క్రూలు, తర్వాత బేస్, తర్వాత రింగులు, ఈ వరుసలో టార్క్ చూడండి. అన్నీ సరిగ్గా ఉంటేనే స్కోప్‌ని అనుమానించాలి. అప్పుడు బాగా పనిచేసే ఇంకో స్కోప్ బిగించి కాల్చితే తప్పు ఎవరిదో తేలిపోతుంది. ఈ వెతుకులాట తగ్గాలంటే ఇప్పుడే, జీరో అయిన రోజే, ప్రతి స్క్రూ తల మీంచి పక్కనున్న లోహం మీదికి గోళ్ల రంగుతో సన్నని గీత గీయండి. రింగు అంచు నుంచి గొట్టం మీదికి కూడా ఒకటి. స్క్రూ వదులైనా, స్కోప్ జరిగినా ఆ గీత విడిపోయి కనబడుతుంది.