ఉప్పు నీళ్ళకు నురగ నిలిచే షేవింగ్ సోపు ఏది? వాసనల సంగతి కూడా చెప్పండి

గుత్తిరోడ్డు (అనంతపురం)

అందరికీ నమస్తే. ట్యూబు క్రీము వదిలేసి ఈ మధ్యనే సేఫ్టీ రేజరు, సింథటిక్ బ్రష్షు, గిన్నె సోపు మొదలుపెట్టినాను. ఇంట్లో ఇప్పుడు మూడు సోపులుండాయి. ప్రొరాసో ఆకుపచ్చ డబ్బా, టబాక్ రెండూ మా బామ్మర్ది తెచ్చిచ్చినాడు. మూడోది మన దేశంలోనే ఎవరో చేత్తో చేసి ఆన్‌లైన్లో అమ్మేది, పేరు వద్దులే. పెట్టె మీద ‘ఎర్రచందన పరిమళం’ అని రాసుంటే దానికే పడిపోయి కొన్నాను.

ప్రొరాసో ఫరవాలేదు. టబాక్ గిన్నెలో బాగానే లేస్తాది గానీ, ఒక చెంప గీసేలోపల రెండో చెంప మీద ఎండిపోయి చారలు కడతాది. చేత్తో చేసినదైతే గబగబా పొంగుతాది, బ్లేడు పెట్టేసరికి బుడగలన్నీ పగిలి మొగం మీద ఉత్త నీళ్ళు మిగులుతాయి. మూడింట్లో డబ్బులు ఎక్కువ పెట్టింది దానికే. మాది బోరు నీళ్ళు. తప్పు సోపుదా, బ్రష్షుదా, నా చేతిదా?

ఇంకోటి. బయటిదేశాలోళ్ళు ఈ సోపుల గురించి రాసేది చదివితే తోలు వాసన, పొగాకు వాసన, నాచు వాసన అంటారు. మన ఎండలకు అవన్నీ పనికొస్తాయా? మా అమ్మ ఇంకో మాట అడిగింది, దీంట్లో కొవ్వు కలుపుతారంట గదా అని. తెలిసినోళ్ళు చెప్పండి.

హంద్రీగట్టు (కర్నూలు)

ముందు ఫ్యాను ఆపు సామీ. మన గాలికి ఆరేసిన బట్టలే గంటలో ఎండుతాయి, నురగ ఎంతసేపు. రెండోది, టబాక్‌కు నువ్వు పోసే నీళ్ళు చాల్లేదు. బ్రష్షు కొసను నీళ్ళలో ముంచి ఇంకొంచెం తిప్పు.

ఎర్రగుంట్ల ల్యాబు (కడప జిల్లా)

సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో నీళ్ళు పరీక్ష చేసేది నా పని, అందుకని సోపును తిట్టే ముందు నీ బోరును తిడతా. మా కాడ ఫ్లాస్కులో శాంపిల్ పోసి, బఫర్ ద్రావణం కలిపి, ఎరియోక్రోమ్ బ్లాక్-టీ అనే రంగుపొడి చిటికెడు వేస్తే నీళ్ళు ముదురెరుపు తిరుగుతాయి. బ్యూరెట్టు అనే గీతల గొట్టం నుంచి, కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం చుక్కచుక్క వదులుతా ఫ్లాస్కు తిప్పుతాంటే చాలాసేపు ఏమీ కాదు. ఆఖరికి ఒక్క చుక్కతో మొత్తం నీలమైపోతాది. ఆ నీలం రావడానికి ఎంత పోసినామో అదే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లెక్క, దాన్నే కాఠిన్యం అంటారు. తాగే నీళ్ళకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన కాఠిన్యం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా. మన పక్క బోర్లలో ఆ 600 కూడా దాటేవి ఉండాయి.

షేవింగ్ సోపులో ఎక్కువ భాగం స్టియరిక్ ఆమ్లం, కొవ్వుల్లో నూనెల్లో ఉండేదే. దాన్ని పొటాషియం హైడ్రాక్సైడుతో, కొంచెం సోడియం హైడ్రాక్సైడుతో కలిపి సోపు చేస్తారు. పొటాషియం ఉంటే సోపు నీళ్ళలో సులువుగా కరుగుతాది, సోడియం ఉంటే బిళ్ళ గట్టిగా నిలుస్తాది. అట్ల తయారైన సోపునే స్టియరేటు అంటారు. ఉప్పు నీళ్ళు తగిలితే వాటిలోని కాల్షియం ఆ స్టియరేటును పట్టుకుంటాది, కరగని తెట్టె అయిపోతాది. స్నానాల గదిలో బక్కెట్టు అంచుకు తెల్లగా పట్టి, పీచు పెట్టి రుద్దినా పోదే, అదే ఇది. అంటే బ్రష్షుకు ఎక్కించిన సోపులో మొదటి వాటా నీ బోరుకే పోతాది, మిగిలింది నీకు. ప్రొరాసో మాదిరి పెద్ద కంపెనీల సోపుల్లో చాలావాటికి ఈడీటీఏ లాంటిది ముందే కలిపుంటారు, కాల్షియాన్ని అది పట్టుకుంటాది. చేత్తో చేసే చిన్నోళ్ళలో కొందరు కలుపుతారు, కొందరు కలపరు. మిచెల్స్ వూల్ ఫ్యాట్ అని ఇంగ్లండు సోపు ఒకటుంది, 1893 నాటిది, గొర్రె ఉన్ని జిడ్డు వేసి చేస్తారు. దాన్ని మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ సమానం. కారణం చాలామట్టుకు వాళ్ళవాళ్ళ నీళ్ళే.

తాగడానికి తెప్పించుకునే ఆర్వో క్యానులోంచి ఒక గ్లాసు తీసుకో, షేవింగుకు అది చాలు. బ్రష్షు తడపడం, సోపు ఎక్కించడం, నురగ కట్టడం అన్నీ ఆ నీళ్ళతోనే. చివర్న మొగం కడుక్కునేది బోరు నీళ్ళయినా ఫరవాలేదు. ఆర్వో మెకానిక్కు దగ్గరుండే టీడీఎస్ మీటరు చూసి ‘నా నీళ్ళు మంచివే’ అనుకోవద్దు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తాది, అందులో కాల్షియం ఎంతనేది దానికి తెలీదు. క్యాను లేనిరోజు నీళ్ళు మరగబెట్టి, చల్లారినాక పైతేట తీసుకో, కొంత కాఠిన్యం అడుక్కు దిగిపోతాది. కిరాణా అంగట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరుకు చిటికెడు వేసినా పని చేస్తాది. చిటికెడే, ఎక్కువైతే సోపే విరిగిపోతాది.

నురగ ఎట్ల పోల్చాలంటే ఎత్తు చూడొద్దు. ఎత్తుగా లేచేది కొబ్బరినూనె గుణం, పెద్ద బుడగలు, జల్దీ పగులుతాయి, చర్మం కూడా పీక్కపోతాది. మనకు కావాల్సింది చిలికిన పెరుగు మాదిరి, బుడగ కంటికి కనపడకూడదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య కొంచెం తీసుకోని రుద్దు. నురగ పోయినాక కూడా వేళ్ళు జారుతాండాయా? బ్లేడు పోయేది ఆ జారుడు మీదనే, పైన కనపడే తెలుపు మీద కాదు. ఆర్వో నీళ్ళతో మూడు సోపులూ ఇట్ల చూసి చెప్పు. ఆ చేత్తో చేసినదాని పెట్టె వెనకాల పదార్థాలు రాసుంటే అవి కూడా ఇక్కడ పెట్టు, నాకొక అనుమానం ఉంది.

ఇంకా ఎర్రచందనం. మా పాలకొండల్లో, శేషాచలంలో పెరిగే చెట్టు. దాని చేవను వాసన చూస్తే ఏమీ రాదు సామీ! ఎర్రచందనానికి విలువ రంగుకు, చెక్కకు. పరిమళం ఉండేది శ్రీగంధానికి, రెండూ వేరే వేరే జాతుల చెట్లు. కాబట్టి ‘ఎర్రచందన పరిమళం’ అని రాసినాడంటే ఏదో సెంటు పోసి ఎర్రరంగు కలిపినాడని అర్థం.

అమ్మ అడిగింది న్యాయమే. పెట్టె మీద సోడియం టాలోవేట్, పొటాషియం టాలోవేట్ అనుంటే అది పశువుల కొవ్వు. ఆర్కో స్టిక్కు, సెల్లా అనే సోపుల్లో ఉంటాది. టబాక్ పాత సరుకులో ఉండేది, కొత్తదాంట్లో తీసేసినారు, నీ దగ్గరుండేది ఏదో చదువుకో. ప్రొరాసోలో లేదు. కొవ్వు వేస్తేనే నురగ బాగుంటాదని వాదించేవాళ్ళుండారు. నేనొప్పుకోను. ఫ్రాన్సు మార్టాన్ ద కాంద్ర్ నూరుపాళ్ళు చెట్ల నూనెల సోపే, దాని నురగ ముందర కొవ్వు సోపులు చాలా తేలిపోతాయి.

హంద్రీగట్టు (కర్నూలు)

ల్యాబు అన్న నీళ్ళ సంగతి చెప్పినాడు, వాసన సంగతి నేను చెప్తా. మా ఇంట్లో అత్తర్లు వాడేది ముందునుంచీ ఉంది.

సోపు వాసన నీళ్ళు పోసుకునేదాకానే. దాన్ని నమ్ముకోని ఆఫీసుకు పోలేం. అందుకే ఎంతసేపు నిలుస్తాదని అడగొద్దు, గోరువెచ్చటి నురగ మొగానికి పట్టించినప్పుడు ముక్కుకు ఎట్లుంటాదో చూసుకో. టబాక్ సెంటు 1959 నుంచీ ఉంది. పూలు, పౌడరు కలిసిన వాసన, చలికాలం పొద్దున్నే బాగుంటాది, మే నెలలో మాత్రం తలనొప్పి తెప్పిస్తాది. ప్రొరాసో పచ్చది నీలగిరి తైలం, మెంథాల్. ఎండాకాలానికి అంతకు మించింది నేను చూడలే. మెంథాల్ చర్మాన్ని చల్లబరచదు, చలిని పసిగట్టే నరాలను తట్టిలేపుతాది అంతే, అయినా కరెంటు పోయిన పొద్దు ఆ మోసమే హాయి. సెల్లా 1899 నాటి మిలాన్ సోపు, చేదు బాదం వాసన. మెత్తటి సోపు, మన ఎండకు డబ్బాలో ఇంకా మెత్తబడతాది.

నువ్వు చదివిన నాచు వాసన ఫూజేర్ అనే రకంది. లావెండరు, ఓక్ చెట్ల మీద పెరిగే నాచులాంటిది, ఎండుగడ్డి వాసనుండే కూమరిన్ కలిపిన వాసన. 1882లో ఊబిగాఁ అనే ఫ్రాన్సు సెంట్ల కంపెనీ వాళ్ళ ఫూజేర్ రాయాల్ సెంటుతో దానికా పేరొచ్చింది. వాళ్ళకు సెలూన్ అంటే ఆ వాసన గుర్తొస్తాది. మనకు సెలూన్ అంటే పటిక, టాల్కం పౌడరు. అందుకే వాళ్ళు ఆహా ఓహో అని రాసింది మనకు అంతుబట్టదు, ముక్కు తప్పేం లేదు. నిమ్మ, చీనీ తొక్క వాసనల సోపులు కొంటే మూత గట్టిగా పెట్టు, మన వేడికి ముందు ఎగిరిపోయేవి అవే. వట్టివేరు, గంధం లాంటివి అడుగున నిలబడతాయి.

నేనైతే వాసన లేని సోపుతో గీసుకోని, తర్వాత చొక్కాకు వట్టివేరు అత్తరు పూసుకుంటా. ఇంకొంచెం డబ్బులుంటే కన్నౌజు మట్టి అత్తరు. కాల్చిన మట్టిని బట్టీ పెట్టి ఆ ఆవిరిని గంధం నూనెలోకి దింపుతారు, తొలకరి చినుకు పడిన చేను వాసన. అప్పుడే గీసిన చెంపకు మాత్రం పూయొద్దు, మండుతాది. బ్రష్షు సింథటిక్‌దే ఉంచుకో, అది నానబెట్టే పని లేదు. పంది వెంట్రుకలవి మా ఇంట్లోకి రావు, కాబట్టి వాటి గురించి వేరేవాళ్ళను అడుగు.

గుత్తిరోడ్డు (అనంతపురం)

అన్నా, ఫ్యాను ఆపి, క్యాను నీళ్ళతో చూసినాను. టబాక్ మారిపోయింది! రెండు చెంపలూ, మెడకిందా అయినాక కూడా గిన్నెలో మిగిలింది. వేళ్ళ మధ్య జారుడు కూడా తెలిసింది. పెట్టె వెనకాల టాలోవేట్ లేదు, అమ్మకు చదివి వినిపించినాను. ప్రొరాసో కొంచెం చిక్కబడింది, పెద్ద తేడా లేదు. చేత్తో చేసినది ఏ నీళ్ళలోనైనా అదే కత, పొంగుతాది, పోతాది. వెనకాల చిన్న అక్షరాలతో గ్లిజరిన్, సార్బిటాల్, ప్రొపిలీన్ గ్లైకాల్, సోడియం స్టియరేట్, సోడియం లారెత్ సల్ఫేట్, రంగు, సెంటు అనుంది.

ఎర్రగుంట్ల ల్యాబు (కడప జిల్లా)

అనుకున్నా. అది కరిగించి అచ్చులో పోసే సోపు బేసు. బేసు కిలోల్లెక్కన దొరుకుతాది, కరిగించి రంగూ సెంటూ కలిపి గిన్నెలో పోస్తే గంటలో సోపు తయారు. వెలుతురుకు పెట్టి చూడు, కొంచెం అద్దం మాదిరి కనపడుతుంటాది. అందులోని లారెత్ సల్ఫేటు షాంపూల్లో నురగకు వేసేది, దానికి కాల్షియంతో గొడవ లేదు, అందుకే మీ బోరు నీళ్ళలో కూడా గబగబా పొంగింది. ఆ పొంగులో జారుడు ఉండదు. చేత్తో పోసినాడు కాబట్టి చేత్తో చేసినదే అంటాడు, కాదనలేం.

ఇకమీద కొనేటప్పుడు పెట్టె ముందువైపు చూడొద్దు. వెనకాల మొదటి పేర్లలోనే స్టియరిక్ ఆమ్లం, పొటాషియం హైడ్రాక్సైడు కనపడాల, లేదంటే పొటాషియం స్టియరేట్ అని ఉండాల. ఆ మూడోదాన్ని చేతులు కడుక్కునేదానికి పెట్టుకో. అట్లనే మెంథాల్ గురించి హంద్రీగట్టు చెప్పింది నిజమే గానీ, నీ చర్మం మండే రకమైతే ఎండాకాలం రోజూ వాడొద్దు.

హంద్రీగట్టు (కర్నూలు)

రోజూ వాడొచ్చు. నేను వాడతాండా.