డయాలసిస్ దగ్గర ఏదడిగినా విసుక్కుంటున్నారు, ఎలా మాట్లాడాలి?

మాది కవిటి దగ్గర పల్లె. నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఈమధ్య చివరి గంటలో బీపీ పడిపోయి కాళ్లు పట్టేస్తున్నాయి, చూడలేకపోతున్నా. ఎంత నీరు తీస్తున్నారని అడిగితే "మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం కదా" అంటారు టెక్నీషియన్. గట్టిగా అడిగితే తర్వాత నాన్నని సరిగా చూడరేమోనని టెన్షన్.

సోంపేట బాబాయ్:
మిషన్ ఎక్కించాక కాదమ్మా, ముందు బరువు చూసేటప్పుడే అడుగు. డ్రై వెయిట్ ఎంత పెట్టారు, ఈరోజు ఎంత తీస్తున్నారు, అంతే. డ్రై వెయిట్ అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు. నాన్న కాస్త తిని ఒళ్లు చేసినా పాత అంకెకే తీస్తుంటే బీపీ పడిపోతుంది, కాళ్లు పట్టేస్తాయి. దాన్ని మార్చాల్సింది డాక్టరు, టెక్నీషియన్‌తో గొడవపడి లాభం లేదు.

పలాస పేషెంట్:
నేనూ డయాలసిస్ మీదే ఉన్నా. నోట్‌బుక్‌లో ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, కాళ్లు పట్టేసిన టైము రాసి నెఫ్రాలజిస్ట్‌కి (కిడ్నీ డాక్టరుకి) చూపించండి, నోటిమాట కంటే అదే పనిచేస్తుంది. డయాలసిస్ రోజు పొద్దున్న బీపీ మాత్ర వేయాలో వద్దో కూడా ఆయన్నే అడగండి, మీ అంతట మీరు మానిపించొద్దు. ఇంకోటి, రెండు డయాలసిస్‌ల మధ్య ఎక్కువ తాగితే ఎక్కువ తీయక తప్పదు, మజ్జిగ, గంజి కూడా లెక్కే (మనవాళ్లు ఒప్పుకోరు).

అడిగినవారు:
థాంక్సండీ. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికే బీపీ చూడబోతే?

సోంపేట బాబాయ్:
మొహమాటపడకు, అక్కడికక్కడే ఆపు. ఆ చేతికి బీపీ, రక్తం తీయడం, సెలైన్ ఏవీ వద్దని చెప్పి రెండో చెయ్యి చాపమను.